రైలు వదిలేసిన దారిలో సైకిలు

బాత్, ఇంగ్లండ్

చిరంజీవులు బుజ్జికీ, చంటికీ తాతయ్య దీవించి రాసేది. ఉభయకుశలోపరి.

వేసవి సెలవులకి అత్త దగ్గరికి వస్తున్నారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. "అక్కడ సైకిలు తొక్కితే కార్లు గుద్దవా తాతయ్యా?" అని చంటి అడిగిందట. ఆ ప్రశ్నకి ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు చేతకాదు. అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడి పల్లెటూరి రోడ్లు చూడటానికి బొమ్మ గీసినట్టుంటాయి గానీ పిల్లలు తొక్కడానికి మంచివి కావు. రెండు పక్కలా మనిషి కంటే ఎత్తున కంచె చెట్లు. మలుపు అవతల ఏం వస్తోందో కనబడదు. పైగా బాత్ ఊరు కొండల మధ్య గిన్నె అడుగున ఉన్నట్టుంటుంది, అత్త ఇల్లేమో ఆ గిన్నె అంచు మీద. మొదటిరోజు సాయంత్రం సైకిలు తోసుకుంటూనే ఇల్లు చేరాను. మిమ్మల్ని తీసుకెళ్ళేది ఆ రోడ్ల మీదికి కాదు. ముందు ఒక పాత రైలుకట్ట ఎక్కుతాం, తర్వాత ఒక కాలవగట్టు పట్టుకుని ఊళ్ళోకి తిరిగొస్తాం. మొత్తం 13 మైళ్ళు, అంటే 21 కిలోమీటర్లు. ఆ రెంటికీ మధ్య కొంచెం దూరం పల్లె రోడ్డు తగులుతుంది, అక్కడ మాత్రం నా వెనకే రావాలి.

రైలుకట్టే ఎందుకంటే చెప్తాను. రైలింజను ఎంత బలమైనదైనా ఎత్తంటే దానికి భయం. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ. నేల చదునుగా ఉన్నంతసేపూ వందల టన్నులు లాగేస్తుంది, కాస్త ఎత్తు రాగానే చక్రం జారుతుంది. అందుకని రైలుదారి వేసినవాళ్ళు కొండ అడ్డొస్తే కోశారు, కోయలేనిచోట సొరంగం తవ్వారు, లోయ వస్తే మట్టి పోసి కట్ట వేశారు. మనం వెళ్ళే దారిలో బాగా ఎత్తుగా ఉన్నచోట కూడా 50 అడుగులు ముందుకి పోతే పైకి లేచేది 1 అడుగే. రైలుకి అది గడ్డు ఎత్తు. చంటి కాళ్ళకి అదొక లెక్కలోది కాదు. ఇంజను కోసం వాళ్ళు పడ్డ పాట్లు ఇన్నేళ్ళకి నా మోకాళ్ళకి కలిసొచ్చాయి.

ఆ లైను బాత్‌కి వచ్చింది 1874లో. దక్షిణాన సముద్రం ఒడ్డునున్న బోర్న్‌మత్ దాకా రైళ్ళు నడిచేవి. 1963లో రైల్వే బోర్డు ఛైర్మన్ బీచింగ్ నష్టాల లెక్కలు తీసి, దాదాపు 5 వేల మైళ్ళ లైన్లూ, 2 వేలకు పైగా స్టేషన్లూ మూసేయమని నివేదిక ఇచ్చాడు. మన లైను 1966లో ఆగిపోయింది. పట్టాలు పీకేశారు, కట్ట మీద ముళ్ళకంపలు మొలిచాయి. నాకు బాధ కలిగించేది లైన్లు మూసెయ్యడం కాదు, చాలాచోట్ల ఆ కట్టల్ని ముక్కలు ముక్కలుగా అమ్మేసి, వంతెనలు పడగొట్టడం. ఇరవై కిలోమీటర్ల దారి చక్కగా ఉండి, మధ్యలో ఇరవై మీటర్ల వంతెన లేకపోతే ఆ దారి ఎవరికి పనికొస్తుంది?

పక్కనే ఉన్న బ్రిస్టల్ నగరంలో కొందరికి ఈ బాధే కలిగింది. 1977లో వాళ్ళు సైకిల్‌బ్యాగ్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ళలో జాన్ గ్రిమ్‌షా అనే ఇంజనీరు ఉన్నాడు. బ్రిస్టల్ నుంచి బాత్‌కి వచ్చే మరో పాత లైను మీద 1979లో పని మొదలుపెట్టి, 1986 నాటికి 13 మైళ్ళ దారి పూర్తిచేశారు. జీతం లేకుండా పారలు పట్టి పనిచేసినవాళ్ళు వాళ్ళలో చాలామంది. ఆ సంఘమే పెరిగి సస్ట్రాన్స్ అయింది, తర్వాత లాటరీ నిధుల సాయంతో దేశమంతా సైకిలు దారుల్ని ఒకదానికొకటి కలిపింది. నీలం బోర్డు మీద చిన్న ఎర్ర చదరంలో అంకె కనిపిస్తే అది వాళ్ళ దారే. మన సొరంగాల దారిది 244. అయితే నంబరున్న దారంతా కార్లు లేని దారి కాదు, కొన్నిచోట్ల రోడ్డు మీదుగానే పోతుంది. 2020లో ఆ సంస్థ తన దారులన్నీ చూసుకుని, దాదాపు నాలుగో వంతుని భద్రత చాలదని తానే పక్కన పెట్టింది. ఆ పని చేశాక వాళ్ళ బోర్డు మీద నాకు నమ్మకం పెరిగింది.

ఇక సొరంగాలు. అరకు రైల్లో సొరంగం రాగానే మీరిద్దరూ కూతలు పెట్టారు, గుర్తుందా? ఇక్కడ రెండున్నాయి. మొదటిది చిన్నది. రెండోది కూమ్ డౌన్ సొరంగం, 1,672 మీటర్లు. బ్రిటన్‌లో సైకిళ్ళు వెళ్ళే సొరంగాల్లో అదే పొడుగైనది. 2013లో దీపాలు పెట్టి, నేల చదును చేసి తెరిచారు. ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉంటుంది, స్వెట్టర్ మర్చిపోకండి. నడిమధ్యకి వచ్చేసరికి ఎక్కడినుంచో సంగీతం వినబడుతుంది. నడిచేవాళ్ళకీ తొక్కేవాళ్ళకీ తోడుగా ఉంటుందని పెట్టారు.

అక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ సొరంగానికి గాలి గొట్టాలు లేవు. 1929లో ఒక గూడ్సు బండి బాత్ వైపు మెల్లగా ఎక్కుతుంటే లోపల పొగ కమ్మి డ్రైవరూ ఫైర్‌మనూ స్పృహ తప్పారు. బండి తనంతట తానే సొరంగం దాటి, అవతలి పల్లంలో వేగం పుంజుకుని బాత్ యార్డులో పడిపోయింది. డ్రైవరుతో కలిపి ముగ్గురు చనిపోయారు. మీరు కూతలు పెట్టుకోండి, నేను వద్దనను. ఆ డ్రైవరుని కూడా ఒకసారి తలుచుకోండి.

సొరంగం దాటాక మిడ్‌ఫర్డ్, అక్కడినుంచి డండాస్ అనే చోట కెనెట్ అండ్ ఏవన్ కాలవ. ఇక్కడే నాకు మన ఊరొచ్చినట్టయింది. మీ ముత్తాత ధవళేశ్వరం లాకుల దగ్గర లస్కరుగా, అంటే పడవల్ని ఎత్తుకి ఎక్కించే, పల్లానికి దించే ఆ నీటి తలుపులు తీసేవాడిగా చేశాడని మీకు తెలుసుగా? డండాస్ దగ్గర ఈ కాలవ ఏవన్ నదిని పైనుంచి దాటుతుంది, అచ్చం మన గన్నవరం అక్విడక్టు మీద కాలవ వైనతేయాన్ని దాటినట్టే. కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యింది 1852లో, ఈ కాలవ అంతకు ముందే 1810లో తెరిచారు. ఒక్క తేడా నన్ను ఆశ్చర్యపరిచింది. ఇది పొలాలకి నీళ్ళిచ్చే కాలవ కాదు, పడవల కోసమే తవ్వింది. మన దగ్గర గట్టు మీద మనుషులు తాడుతో పడవ లాగేవారు, ఇక్కడ గుర్రాలు లాగేవి. గుర్రం నడిచిన ఆ బాటే ఇప్పుడు మన సైకిలు బాట. వంతెనల అంచులు చూడండి, తాడు ఒరుసుకుని పడ్డ గాట్లు వేలికి తగులుతాయి.

నీళ్ళెప్పుడూ మట్టంగా ఉంటాయి, కాబట్టి గట్టూ మట్టమే. ఈ కాలవ మీదే డండాస్ అవతలున్న బ్రాడ్‌ఫర్డ్-ఆన్-ఏవన్ ఊరి నుంచి బాత్ అంచు దాకా ఒక్క లాకు లేదు. ఎత్తంతా లాకుల దగ్గరే పోగుపడుతుంది. అది చూడాలంటే డివైజెస్ వెళ్ళాలి, అత్త కారులో తీసుకెళ్తుంది. అక్కడ కొండ మీదికి మొత్తం 29 లాకులు, వాటిలో 16 మెట్లలా ఒకే వరసలో ఉన్నాయి! లాకుకీ లాకుకీ మధ్య నీరు నిలవడానికి చోటు లేక, ప్రతిదాని పక్కనా ఒక చెరువు తవ్వారు. లస్కరు ఉండడు. పడవవాళ్ళే ఇనుప పిడి తెచ్చుకుని తిప్పుకుంటారు, తలుపు దూలానికి వీపు ఆనించి నెడతారు. నేను గట్టు మీద కూర్చుని రెండు గంటలు చూశాను. మా నాన్న ఇది చూసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఒక్క జాగ్రత్త. గట్టు మీద నడిచేవాళ్ళదే ముందు హక్కు. మొదటి వారం నేను ఒక ముసలావిడ వెనక గబగబా నాలుగైదుసార్లు బెల్లు కొట్టాను. ఆవిడ ఉలిక్కిపడి నీళ్ళ అంచుకి వెళ్ళిపోయింది. నా గుండె జారిపోయింది. దిగి, క్షమాపణ చెప్పుకున్నాను. అప్పటినుంచి దూరాన ఉండగానే ఒక్కసారి కొడతాను, వాళ్ళు తిరిగి చూసేదాకా ఆగుతాను. వంతెన కింద బాట మరీ ఇరుకు, మనం దిగి నడుద్దాం.

వచ్చేలోపు మీకో పని. ఆదివారం నాన్నతో ధవళేశ్వరం లాకుల దగ్గరికి వెళ్ళండి. తలుపుకి అటూ ఇటూ నీటి మట్టాల్లో తేడా ఎంతుందో గోడ రాళ్ళ వరసలు లెక్కపెట్టి నాకు రాయండి. ఇక్కడి లాకు రాళ్ళు నేను లెక్కపెట్టి ఉంచాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య