గళ్ల చీర ముందు ఫిల్టర్ లేని కెమెరా: అపోహలు - వాస్తవాలు

పాలమూరులో పెండ్లిళ్లు, చీరల క్యాటలాగులు తీస్తూ బతికేవాణ్ని. లో పాస్ ఫిల్టర్ (వెలుగును పట్టే సెన్సర్ ముందుండి, దాన్ని కాస్త చెదరగొట్టే పలక) లేని కెమెరా కొన్న వారానికే ఒక చీరల షాపాయన ఫోన్ చేశాడు. "తమ్మీ, నేనిచ్చింది నీలం గళ్ల నారాయణపేట చీర. నీ ఫొటోల గులాబి, ఆకుపచ్చ అలలు ఎక్కడియి?" అన్నాడు. నలభై చీరలు మళ్లీ తీసిచ్చాను, పైసా అడగకుండా. ఆ తర్వాత తెలుసుకున్నవి ఇవి.

అపోహ: ఫిల్టర్ లేకపోతే ఫొటో షార్ప్‌గా వస్తుంది, నష్టమేమీ లేదు.

వాస్తవం: నష్టం ఉంది, గళ్లు కనబడేదాకా బయటపడదు. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేసి వెలుగుకు అడ్డంగా పట్టి చూడండి. ఏ తెరలోనూ లేని పెద్ద పెద్ద అలలు కనిపిస్తాయి. ఒక తెరను కాస్త జరిపితే అవీ పరుగెడతాయి. మన దగ్గర ఒక తెర చీర నేత, రెండోది సెన్సర్ మీది పిక్సెళ్ల వరస. ఆ అలలనే మోరే అంటారు.

మరి లేని రంగులెట్లా వచ్చాయి? సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే చూస్తుంది. సగం ఆకుపచ్చవి, పావు ఎరుపువి, పావు నీలంవి. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరు మీద 1976లో పేటెంట్ వచ్చిన అమరిక ఇది. మిగతా రెండు రంగులను పక్క పిక్సెళ్లను చూసి కెమెరా లెక్కగట్టుకుంటుంది. ఎరుపు, నీలం పిక్సెళ్లు ఎడంగా ఉంటాయి కాబట్టి, సన్నని నూలు గీత కొన్నిటి మీద పడి కొన్నిటిని తప్పించుకుంటే లెక్క తప్పుతుంది. సెన్సర్ ముందుండే ఫిల్టర్ ఒక్కో వెలుగు చుక్కను నాలుగుగా చీల్చి పక్కపక్క పిక్సెళ్లకు పంచుతుంది. దాంతో ఏ రంగు పిక్సెలూ ఆ గీతను పూర్తిగా పోగొట్టుకోదు. మనం చెల్లించే ధర కాస్త మసక.

అపోహ: ఆ మసక వల్ల ఫిల్టర్ ఉన్న కెమెరా దండగ.

వాస్తవం: 2012లో నికాన్ డీ800, డీ800ఈ రెండూ వచ్చాయి. అదే 36.3 మెగాపిక్సెళ్ల సెన్సర్. 'ఈ' రకానికి ధర ఎక్కువ, కానీ అందులో ఫిల్టర్ పీకేయలేదు. మొదటి పలక చీల్చిన వెలుగును రెండో పలక మళ్లీ కలుపుతుంది, అంతే. స్టాండ్ మీద పెట్టి, మంచి లెన్స్‌తో తీస్తే తేడా కనబడుతుంది, కాదనను. పెండ్లి మండపంలో జనం తోస్తుంటే చేత్తో పట్టి తీసే ఫొటోలో మాత్రం నాకెన్నడూ కనబడలేదు. చెయ్యి వణుకు, తప్పిన ఫోకస్ ఫిల్టర్ కంటే ఎక్కువే పాడుచేస్తాయి. మిగిలిన కాస్త మసక, కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే రా ఫైల్‌కు కంప్యూటర్‌లో షార్పెనింగ్ ఇస్తే చాలావరకు పోతుంది.

అపోహ: మెగాపిక్సెళ్లు పెరిగితే మోరే ఉండదు.

వాస్తవం: తగ్గుతుంది, పోదు. మునుపు ఐదడుగుల దూరంలో కనబడింది ఇప్పుడు ఏడడుగుల దగ్గర కనబడొచ్చు.

అపోహ: లెన్స్ మీది యూవీ ఫిల్టర్ విప్పితే సరి.

వాస్తవం: కొత్తగా చేరిన పిల్లలు నిజంగానే అడుగుతారు. అది వేరు, ఈ లో పాస్ ఫిల్టర్ సెన్సర్‌కే అతికి ఉంటుంది. విప్పేది కాదు.

అపోహ: మోరే వస్తే ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో తీసేయొచ్చు.

వాస్తవం: మోరే బ్రష్ రంగు అలలను చాలావరకు అణచేస్తుంది. వెలుగునీడల అలలు అక్కడే ఉంటాయి. పైగా బ్రష్ అంచు మీదికి పాకితే అసలు రంగూ వెలిసిపోతుంది. గద్వాల చీర పట్టు అంచు పచ్చగా ఉండాల్సింది బూడిద కలిపినట్టయితే షాపాయన ఊరుకుంటాడా? క్యాటలాగులో అమ్మేదే రంగు.

అపోహ: చేనేత చీర ఏదైనా ఒకటే ప్రమాదం.

వాస్తవం: నా అనుభవంలో కాదు. పోచంపల్లి ఇక్కత్‌లో నేయకముందే నూలుకు రంగు అద్దుతారు కాబట్టి డిజైన్ అంచులు చెదిరినట్టుంటాయి. దూరం నుంచి తీస్తే పేచీ లేదు. ఏడిపించేవి నారాయణపేట సన్న గళ్లే, గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి. నల్లమలలో ఫరహాబాద్ మీద నిలబడి అడవిని తీసేటప్పుడు ఫిల్టర్ లేని కెమెరానే పట్టుకెళ్తాను. ఆకులు, బండలు వరసలో నిలబడవు కదా.

ఇప్పుడు చీరలకు ఫిల్టర్ ఉన్న బాడీ వాడుతున్నాను. నికాన్‌లో జెడ్6కు ఉంది, జెడ్7కు లేదు. లేని కెమెరాతోనే తీయాల్సొస్తే మొదట అడుగు ముందుకో వెనక్కో వేస్తాను, లేదా బట్టను కాస్త ఏటవాలుగా తిప్పుతాను. అప్పటికీ పోకపోతే ఎపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే సందును, ఎఫ్/16కు మూస్తాను. అంత చిన్న సందులోంచి వచ్చే వెలుగు పరుచుకుని, తనే ఫిల్టర్ పని చేస్తుంది. కెమెరా స్క్రీన్ మీద చిన్న ఫొటోను చూసి మాత్రం అలలు ఉన్నాయనీ, లేవనీ తేల్చకండి. ఫొటోను కుదించేటప్పుడు స్క్రీనే కొన్నిసార్లు అలలు పుట్టిస్తుంది. వంద శాతం జూమ్ చేసి, కుచ్చిళ్ల దగ్గర ఒకసారి, కొంగు దగ్గర ఒకసారి చూశాకే చీర మడత పెట్టమంటాను.