చెరువు పక్క వెంచర్‌కు వరంగల్ కాలనీలు ఎందుకు అడ్డుచెబుతున్నాయి?

వరంగల్, హనుమకొండల్లో చెరువు పక్కనో, వాగు ఒడ్డునో పెద్ద వెంచర్ పడుతోందంటే ఒకప్పుడు చుట్టుపక్కల వాళ్లు రేట్లు పెరుగుతాయని సంబరపడేవాళ్లు. ఇప్పుడు మొరం టిప్పర్లు కనబడితేనే టెన్షన్. వాళ్ల భయమంతా ఒక్కటే: అక్కడ నాలుగడుగుల మొరం పోసి నేల ఎత్తు చేస్తే, ఇన్నాళ్లూ అక్కడ నిలిచిన నీళ్లు ఇక ఎవరి ఇంట్లోకి రావాలి?

కాకతీయుల కాలం నుంచీ ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అలుగు) దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకి పోవాలి. ఊరికి తాగునీళ్లిచ్చిన భద్రకాళి, వడ్డేపల్లి చెరువులు ఎంతో కొంత నిలబడ్డాయి. చిన్న చెరువులు, వాటిని కలిపే కాలువలే ముందు పోయాయి. ఊరు పెరిగిందీ ఆ దారుల మీదే.

అసలు చిక్కు శిఖం భూమితో. చెరువు నిండితే మునిగి, నీళ్లు తగ్గితే తేలే నేల అది. అందులో ప్రభుత్వ శిఖం వేరు, పట్టా శిఖం వేరు. పట్టా ఉన్న రైతు నీళ్లు తగ్గాక పంట వేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టడానికి లేదు. ప్లాటు కొనేవాడికి మాత్రం పట్టా కాగితమే కనిపిస్తుంది, నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అందులో ఉండదు. భవన నిర్మాణాలపై 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంటే పాతిక ఎకరాలు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. నది ఒడ్డున మున్సిపల్ పరిధిలో 50 మీటర్లు, బయట 100. వాగు వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే రెండే. దీంట్లో ఒక తమాషా ఉంది. కబ్జాతో వాగు సన్నబడే కొద్దీ దానికి వదలాల్సిన జాగా కూడా తగ్గిపోతుంది!

2020 ఆగస్టు వానలకు నగరంలో కాలనీలకు కాలనీలే మునిగాయి. చూడటానికి వచ్చిన అప్పటి మంత్రి కేటీఆర్ నాలాల మీద ఆక్రమణలు తొలగించమని ఆదేశించారు. కొన్ని కూల్చారు, ఆ తర్వాత వేడి చల్లారింది.

2022లో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ 27 గ్రామాల్లో 21,510 ఎకరాలను ల్యాండ్ పూలింగ్‌లో తీసుకోవాలని కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) చూసింది. రైతులు రోడ్డెక్కారు, కుడా వెనక్కి తగ్గింది. అది నీళ్ల గొడవ కాదు, భూమి గొడవ. అయినా గట్టిగా అడ్డుకుంటే ప్లాను ఆగుతుందని ఈ ప్రాంతం కళ్లారా చూసింది అప్పుడే.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచేసింది. వరంగల్‌లో బొందివాగు పొంగి హంటర్ రోడ్డు వైపు కాలనీల్లోకి వచ్చింది. ఆ వెంటనే పోతననగర్ దగ్గర భద్రకాళి చెరువు కట్ట తెగింది. తర్వాత హనుమకొండలో నాలా మీదున్న నయీంనగర్ వంతెన పడగొట్టి కొత్తది కట్టారు, ఆ నాలాకు గోడలు లేపారు. అయినా 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపానుకు హనుమకొండ, వరంగల్ మళ్లీ మునిగాయి.

అభ్యంతరం చెప్పే వాళ్లను ఇరుకున పెట్టే మాట ఒకటుంది: ‘మీ ఇల్లు మాత్రం ఎక్కడుంది?’ నిజమే, ఇవాళ అర్జీ పట్టుకుని తిరిగే వాళ్లలో నిన్నటి శిఖంలో, నిన్నటి కాలువ మీద ప్లాటు కొన్నవాళ్లూ ఉన్నారు. కానీ మునగడమంటే ఏమిటో తెలిసిందీ వాళ్లకే. వాళ్ల తప్పు చూపించి పక్కన ఇంకో వందెకరాలకు పర్మిషన్ ఇస్తామంటే నాకు సబబుగా తోచదు.

ఇలాంటి గొడవలో అందరూ హద్దు రాళ్ల చుట్టూ తిరుగుతారు గానీ ముందు చూడాల్సింది మత్తడిని. చెరువు ఎక్కడిదాకా నిండుతుందో తేల్చేది దాని ఎత్తే. మత్తడిని ఒక అడుగు కొట్టేస్తే నీళ్లు ఆ మేరకు ముందే పారిపోతాయి. ఎఫ్‌టీఎల్ గీత వెనక్కి జరిగి, శిఖంలో కొన్ని ఎకరాలు కొలతలో ‘బయటి’ భూమి అయిపోతాయి. అందుకే ఇరిగేషన్ పాత రికార్డుల్లో మత్తడి ఎత్తు ఎంత, ఇప్పుడున్నది ఎంత అని మొదటి అర్జీలోనే అడగాలి. ప్లాట్లు అమ్ముడయ్యాక ఈ లెక్క తేలినా, అప్పటికి కొన్నవాళ్లు కూడా బాధితులే అయి ఉంటారు.