ఆరుబయట బల్లలు, పెంపుడు కుక్కలు: హోటళ్లలో వినిపించే అపోహలు, అసలు నిబంధనలు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో, ఒంగోలు కర్నూలు రోడ్డులో, జాతీయ రహదారి 16 పక్కన డాబాల్లో ఆరుబయట బల్లలు వేసే హోటళ్లు పెరిగాయి. సాయంత్రం చల్లబడ్డాక కుటుంబంతో పాటు కుక్కను కూడా వెంటబెట్టుకుని వచ్చేవాళ్లూ పెరిగారు. ఒక హోటల్లో రానిస్తారు, పక్క హోటల్లో గేటు దగ్గరే ఆపేస్తారు. దాంతో మాటామాటా పెరుగుతుంది. అటు యజమానికీ ఇటు కుక్కను తెచ్చినవాళ్లకూ నిబంధన ఏమిటో తెలియకపోవడమే చాలా గొడవలకు మూలం. హోటళ్ల పరిశుభ్రత పనిలో ఉన్న మాకు తరచూ వినిపించే మాటలనే ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాం.

అపోహ: కుక్కల నిషేధం ఏసీ హాలుకే, ఆరుబయట బల్లలకు కాదు.

వాస్తవం: ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన లైసెన్సింగ్, రిజిస్ట్రేషన్ నిబంధనల్లో షెడ్యూల్ 4 ఉంది. లైసెన్సు తీసుకున్న ప్రతి హోటలూ పాటిస్తానని ఒప్పుకున్న పరిశుభ్రత షరతులు అందులోనివే. ఎలుకలు, పురుగుల నివారణ గురించి చెప్పే భాగంలోనే జంతువులను, పక్షులను, పెంపుడు జంతువులను ఆహార సంస్థ ఆవరణలోకి రానివ్వకూడదని ఉంది. వంటగది అని కాదు, ఆవరణ అని ఉంది. వేపచెట్టు కింద బల్ల వేసి అక్కడ వడ్డిస్తే అది కూడా ఆవరణే. పైకప్పు లేనంత మాత్రాన నిబంధన మారదు.

ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ తనిఖీలో లోపం కనబడితే సాధారణంగా ముందు మెరుగుదల నోటీసు వస్తుంది. చట్టంలోని 32వ సెక్షన్ అదే. గడువులోగా సరిచేసుకోకపోతే లైసెన్సు సస్పెండ్ చేసే అధికారం ఉంది. అపరిశుభ్ర పరిస్థితుల్లో ఆహారం తయారుచేస్తే 56వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. గేటు దగ్గర ఆపిన యజమానిని కుక్కలంటే పడనివాడని అనుకోవద్దు. ఆయన తన లైసెన్సు కాపాడుకుంటున్నాడు.

అలాగని కుక్కను తెచ్చినవాళ్లను పొమ్మనడం ఒక్కటే దారి కాదు. వడ్డన జరిగే చోటికి బయట, పార్కింగ్ అంచున, నీడ ఉన్నచోట ఒక కట్టుస్థలం పెట్టవచ్చు. గోడకో దిమ్మెకో మోకాలి ఎత్తులో ఇనుప రింగు బిగించాలి. దగ్గరి బల్లకు కనీసం పది అడుగుల దూరం, మధ్యలో నడుము ఎత్తు గోడో మొక్కల వరుసో ఉండాలి. నేల గచ్చుదైతే కడగడం తేలిక, మట్టినేల వద్దు. ఎందుకో ఫినాయిల్ దగ్గర చెబుతాం. సప్లయర్‌కు ఒక్క మాట నేర్పితే సగం గొడవ తగ్గుతుంది: "సార్, కుక్కను అదిగో ఆ నీడలో కట్టండి, మీకు కనబడేలా ఈ బల్ల ఇస్తాం." కుక్క కనబడుతుంటే యజమాని నిదానంగా తింటాడు, యజమాని కనబడుతుంటే కుక్క అరవదు.

కుర్చీకి, బల్లకాలికి మాత్రం ఎప్పుడూ కట్టనివ్వకండి. ప్లాస్టిక్ కుర్చీకి కట్టిన కుక్క పిల్లినో ఇంకో కుక్కనో చూసి ఒక్క గుంజు గుంజితే కుర్చీ వెంట వస్తుంది. వెనక చప్పుడుకు బెదిరి ఇంకా పరిగెత్తుతుంది. దారిలో సాంబారు బకెట్టుతో వచ్చే మనిషి ఉంటే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. తాడు ఆరడుగులకు మించకూడదు. సాగే తాళ్లు హోటళ్ల దగ్గర అసలు పనికిరావు.

అపోహ: వీడియోల్లో చూడండి, అమెరికాలో హోటళ్ల ముందు కుక్కలు కూర్చుంటాయి. ఆరుబయట కుక్క ఉంటే తప్పు లేదని అక్కడే తేలింది.

వాస్తవం: వీడియోలో కుక్క కనబడుతుంది, దాని వెనక ఉన్న షరతులు కనబడవు. అక్కడి హోటళ్ల పరిశుభ్రతకు నమూనా నియమావళి అయిన ఫుడ్ కోడ్ 2022 ప్రతి కూడా స్థానిక అధికారి ఆమోదించిన ఆరుబయట భోజన స్థలాల్లోనే పెంపుడు కుక్కలను అనుమతిస్తుంది. కాలిఫోర్నియాలో 2015 నుంచి ఉన్న చట్టం చూడండి. కుక్క హోటల్ లోపలి నుంచి నడవకుండా బయటినుంచే వేరే దారి ఉండాలి. తాడు ఉండాలి. కుర్చీ మీద, బెంచీ మీద ఎక్కకూడదు. దానికి తిండీ నీళ్లూ ఒకసారి వాడి పారేసే గిన్నెల్లోనే పెట్టాలి. వడ్డించేవాళ్లు కుక్కను ముట్టకూడదు, ముట్టితే చేతులు కడుక్కోవాలి. ఇన్ని పాటిస్తేనే అనుమతి. మన దగ్గర ఆ అనుమతి లేకపోయినా, ఆ షరతులను కట్టుస్థలానికి తెచ్చుకోవచ్చు. ముఖ్యంగా వడ్డించే చేతి సంగతి. కుక్కను నిమిరిన సప్లయర్ సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోకుండా ప్లేటు పట్టుకోకూడదు. కుక్కకు నీళ్లు పెట్టే పని వాచ్‌మన్‌కో పార్కింగ్ కుర్రాడికో అప్పగిస్తే ఈ చిక్కే రాదు.

అపోహ: బయట "పెట్ ఫ్రెండ్లీ" అని బోర్డు పెడితే అనుమతి ఉన్నట్టే.

వాస్తవం: ఫుడ్ లైసెన్సులో అలాంటి విభాగం లేదు. బోర్డు యజమాని ఇష్టాన్ని చెబుతుంది, షెడ్యూల్ 4ను రద్దు చేయదు.

అపోహ: టీకాలన్నీ వేయించాం, ఇక ఏ ఇబ్బందీ లేదు.

వాస్తవం: టీకా చాలా ముఖ్యం. రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి ఏటా వేయించాలి, కార్డు ఫొటో ఫోన్లో ఉంచుకోవాలి. కానీ టీకా పేగుల్లోని పురుగులను ఆపదు. వాటికి మూడు నెలలకోసారి మందు వేయించాలి. పిడుదులకు మందు వేరు. రాలే వెంట్రుకకు మందే లేదు. పైగా టీకా వేసిన కుక్క కరవదని ఎవరూ హామీ ఇవ్వలేరు. మీ చేతిలోని జంతువును అజాగ్రత్తగా వదిలి ఎదుటివాళ్లకు ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291 ప్రకారం ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ బాధ్యత కుక్కను తెచ్చినవారిది.

అపోహ: కుక్క నాకిన ప్లేటులో తింటే రేబిస్ వస్తుంది.

వాస్తవం: రేబిస్ కాటు ద్వారా, గోటి గీర ద్వారా, పుండు మీదో కంటి, నోటి పొరల మీదో చొంగ పడితే వస్తుంది. సబ్బుతో కడిగిన ప్లేటు నుంచి రాదు. అయినా ఆ ప్లేటును మామూలు ఎంగిలి ప్లేట్లతో కలపొద్దంటాం. కారణం వేరే. కుక్క నోట్లోని సూక్ష్మక్రిములు, పురుగుల గుడ్లు ప్లేటుకంటే ఎక్కువగా పీచుకు అంటుకుంటాయి. అదే పీచు తర్వాత వందల ప్లేట్ల మీద తిరుగుతుంది. కుక్కకు పెట్టేది విస్తరాకులోనో, యజమాని తెచ్చుకున్న గిన్నెలోనో పెట్టిస్తే ఈ బాధ లేదు. అందరి కుక్కలకూ ఒకే నీళ్ల గిన్నె పెట్టడం కూడా మంచిది కాదు, దగ్గు జబ్బు అలాగే పాకుతుంది.

అపోహ: కుక్క పాడుచేసిన చోట ఫినాయిల్ పోస్తే శుభ్రమైనట్టే.

వాస్తవం: ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ఫినాయిల్ వాసన ముక్కుకు తృప్తినిస్తుంది గానీ, కుక్కపిల్లలను చంపే పార్వో వైరస్‌ను చంపదు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మట్టినేల వద్దన్నది అందుకే. దాన్ని చంపేది క్లోరిన్.

పద్ధతి ఇది. ముందు మలాన్ని, వాంతిని కాగితంతో ఎత్తి కవర్లో కట్టి చెత్తలో వేయాలి. తర్వాత సబ్బునీళ్లతో రుద్ది, మామూలు నీళ్లతో కడగాలి. ఆ తర్వాతే బ్లీచింగ్. 4 శాతం హైపోక్లోరైట్ ద్రావణమైతే (ద్రవరూపంలో దొరికే బ్లీచ్) లీటరు నీటికి 40 మిల్లీలీటర్లు. బ్లీచింగ్ పౌడరైతే లీటరుకు 6 గ్రాములు, కలిపి తేర్చిన పైనీళ్లు వాడాలి. నేల మీద 10 నిమిషాలు తడిగా ఉంచి కడిగేయాలి. మురికి తీయకుండా పోస్తే క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చైపోతుంది, వైరస్ దాకా చేరదు. ఏరోజుకారోజు కలుపుకోవాలి. మన సముద్రపు గాలి తేమకు మూత తీసి ఉంచిన పౌడరు త్వరగా పస పోగొట్టుకుంటుంది, డబ్బా అడుగున గడ్డకట్టిన పౌడరును లెక్కలోకి తీసుకోవద్దు.

మూత్రం మీద నేరుగా బ్లీచింగ్ పోయకండి. మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఘాటైన వాయువు లేస్తుంది, కళ్లు మండుతాయి, ఆయాసం ఉన్నవాళ్లకు ప్రమాదం. బాత్రూం యాసిడ్‌తో కలిపితే ఇంకా ప్రమాదం. పక్క బల్లల మీద వాళ్లు తింటుండగా ఈ పని చేయొద్దు. ముందు నీళ్లు కొట్టి, జనం లేచాక బ్లీచింగ్ వేయండి.

అపోహ: మిగిలిన ఎముకలు, చేపల పులుసు అన్నం పెడితే కుక్కకు పండగే.

వాస్తవం: ఉడికిన కోడి ఎముక నిలువుగా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. పులుసులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఆ నష్టం కొన్ని రోజుల తర్వాతే బయటపడుతుంది. బిర్యానీ నూనెకు వాంతులు పట్టుకుంటాయి. పెట్టాలనుకుంటే ఉప్పూ కారం లేని తెల్లన్నం, కొంచెం పెరుగు, ఉడికిన గుడ్డు చాలు.

అపోహ: వీధి కుక్కల గొడవ మున్సిపాలిటీ పని. వాళ్లు పట్టుకెళ్లకపోతే మనమే తరిమేయాలి.

వాస్తవం: తాడుతో వచ్చే పెంపుడు కుక్క కంటే, రాత్రి 11 దాటాక వెనకవైపు చేరే గుంపు హోటల్ పరిశుభ్రతకు ఎక్కువ చేటు. అది పిలవకుండా రాదు. మూతలేని ఎముకల డ్రమ్ము, చేపలు కడిగిన నీళ్లు పారే కాలువ, ఫుట్‌పాత్ అంచున పెట్టిన ఎంగిలి ప్లేట్ల టబ్బు, ఈ మూడే పిలుస్తాయి. ఎముకలను, చేప పొట్టలను వేరే సంచిలో కట్టి, బిగుతు మూత డ్రమ్ములో వేసి, డ్రమ్మును గోడకు గొలుసుతో బిగించండి. రాత్రి వీధిలో పెట్టకుండా జాలీ తలుపు ఉన్న గదిలో ఉంచి, పొద్దున చెత్త బండికే ఇవ్వండి. కాలువకు జాలీ వేయండి. వారం పది రోజులు తిండి దొరక్కపోతే గుంపు తనంతట తానే పలచబడుతుంది. మొదటి రెండు మూడు రాత్రులు అరుపులు పెరుగుతాయి, అప్పుడు జాలిపడి మళ్లీ వేస్తే చేసిందంతా వృథా.

రోజూ హోటల్ ముందే ఎంగిలాకులు వేసే అలవాటు దయతో మొదలైనదే. కానీ ఆ చోటు తమదే అనుకున్న గుంపు వచ్చే గిరాకీ మీదే మొరుగుతుంది. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు కూడా తిండి పెట్టే చోటు రాకపోకల దారులకు, పిల్లలు తిరిగే చోట్లకు దూరంగా ఉండాలంటున్నాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వార్డువారీగా ప్రత్యేక స్థలాలు చూపాలని, వీధుల్లో తిండి పెట్టకూడదని చెప్పింది. పెట్టాలన్న మనసు ఉంటే ఆ స్థలం ఎక్కడో నగరపాలక సంస్థలో అడిగి అక్కడ పెట్టండి.

పట్టుకెళ్లడం గురించి కూడా స్పష్టంగా తెలుసుకోవాలి. ఆగస్టు 22 నాటి ఆ సుప్రీంకోర్టు ఉత్తర్వు ప్రకారం పట్టిన కుక్కకు సంతాన నిరోధక ఆపరేషన్, టీకా, పురుగుల మందు అయ్యాక పట్టిన చోటే వదలాలి. రేబిస్ ఉన్నవాటినీ, ఆ అనుమానం ఉన్నవాటినీ, మీదపడి కరిచేవాటినీ మాత్రం వదలరు. చెవి కొస కత్తిరించి ఉంటే దానికి ఆపరేషన్ అయినట్టు గుర్తు. 2025 నవంబరు 7 ఉత్తర్వు మాత్రం బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, క్రీడా ప్రాంగణాల నుంచి తొలగించిన కుక్కలను మళ్లీ అక్కడ వదలొద్దంది. అంటే నెల్లూరు ఆర్టీసీ బస్టాండు లోపలి టిఫిన్ స్టాలుకు వర్తించేది, మాగుంట లేఅవుట్ హోటల్‌కు వర్తించేది ఒకటి కాదు.

వేడినీళ్లు చల్లడం, మందు పెట్టడం నేరం. జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా న్యాయ సంహిత 325 కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. పనివాళ్లు చేసినా కేసు మీ గుమ్మం దాకా వస్తుంది కాబట్టి ముందే గట్టిగా చెప్పి ఉంచండి.

అపోహ: కరిచిన చోట కారమో సున్నమో అద్ది కట్టు కడితే సరిపోతుంది.

వాస్తవం: పంపు కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసి కడగాలి. కారం, సున్నం, పసుపు ఏదీ వద్దు, బిగించి కట్టు వద్దు. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పంపండి. నెల్లూరు, ఒంగోలు సర్వజన ఆసుపత్రుల్లో టీకా ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోగా రక్షణ ఇచ్చే ఇంజెక్షన్) కూడా అడగాలి. కరిచింది పెంపుడు కుక్కయితే దాని యజమాని ఫోన్ నంబరు రాసుకుని, కుక్కను 10 రోజులు గమనించమనండి. గమనిస్తున్నాం కదా అని టీకా ఆపకూడదు.

అపోహ: లోపలికి రానివ్వకపోతే అద్దం కాస్త దించి కారులో ఉంచి తినేసి రావచ్చు.

వాస్తవం: ఎండలో ఆపిన కారులో పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. బయట 40 ఉంటే లోపల 50 అవుతుంది, అద్దం రెండంగుళాలు దించినా పెద్ద తేడా ఉండదు. కుక్కకు ఒంటినిండా చెమట పట్టదు, రొప్పడమే దాని చల్లదనం. పగ్ లాంటి చట్టిముక్కు జాతులకు అదీ సరిగా చేతకాదు. మన రోహిణీ కార్తె ఎండలో హైవే డాబా దగ్గర ఒక భోజనం అయ్యేంతసేపు చాలు, ప్రాణం పోవడానికి. ఇద్దరుంటే వంతులవారీగా తినండి, ఒక్కరే ఉంటే పార్సిల్ కట్టించుకుని నీడలో తినండి. కట్టుస్థలంలో ఉంచినా ముందు అరచేతి వెనకభాగం గచ్చు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఆనించలేకపోతే దాని కాళ్లూ కాలుతాయి. డాబా యజమానులు పార్కింగ్‌లో కారు లోపల రొప్పుతున్న కుక్క కనబడితే బిల్లు అయ్యేదాకా ఆగొద్దు. మైకులో కారు నంబరు పిలవండి. నాలుక ముదురు ఎరుపెక్కి, తూలుతుంటే నీడకు తెచ్చి, మామూలు నీళ్లు ఒంటి మీద, పొట్ట కింద పోస్తూ గాలి తగలనిచ్చి, పశువైద్యుడి దగ్గరకు పంపండి.