కరణం దస్తరం నుంచి తహసీల్దారు లాగిన్ దాకా

పాసు పుస్తకాల గొడవ మళ్లీ మొదటికొచ్చింది. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా సోమవారం పూట కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే చోట కాసేపు నిలబడితే రీసర్వే మాట చెవిన పడకుండా ఉండదు. ఒకరికి విస్తీర్ణం తగ్గింది. ఇంకొకరికి తండ్రి పేరు మారిపోయింది. అన్నదమ్ముల వాటాలు రెండూ ఒకే ఎల్‌పీఎం నంబరు (రీసర్వేలో ఒక్కో పొలం ముక్కకు ఇచ్చే కొత్త నంబరు) కింద పడి, అమ్ముకుందామంటే రిజిస్ట్రేషన్ ఆగిపోయినవాళ్లు మరికొందరు. "గట్టు గట్టునాగే ఉంది బావూ, బూమేటైపోనాది?" అని అడిగితే అర్జీ తీసుకుంటున్న గుమస్తా ఏం చెబుతాడు? కంప్యూటర్లో ఉన్నది చదివి వినిపిస్తాడు.

ఈ కథను అందరూ 2020 డిసెంబరు 21 నుంచి మొదలుపెడుతున్నారు. జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో అప్పటి ముఖ్యమంత్రి రీసర్వేకు శ్రీకారం చుట్టిన రోజది. ఓపికున్నవాళ్లు ఇంకా వెనక్కి, 1802 శాశ్వత శిస్తు దాకా, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దాకా వెళ్తారు. విజయనగరం, బొబ్బిలి, కురుపాం, మందస జమీందారీల సంగతి ఈ జిల్లాల్లో పుట్టినవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. ఆ భాగంలోంచి ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. ఎస్టేట్లు పోయాక సర్వే, సెటిల్‌మెంటు సిబ్బంది ఊరూరా తయారుచేసిన ఫెయిర్ అడంగళ్లు (భూమి లెక్కల పుస్తకాలు), ఎఫ్‌ఎంబీ పటాలే (పొలం కొలతలు గీసినవి) ఇక్కడి ఎస్టేటు గ్రామాలకు మూల రికార్డు. తర్వాత వచ్చినవన్నీ వాటికి నకళ్లు, నకళ్లకు నకళ్లు.

అసలు మలుపు 1984 జనవరి 6. ఆ రోజు ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. తండ్రి తర్వాత కొడుకు అన్న పద్ధతిలో నియామకాలు రాజ్యాంగానికి విరుద్ధమని గాజుల దశరథ రామారావు కేసులో సుప్రీంకోర్టు అంతకు చాలాముందే తేల్చేసింది. ఆర్డినెన్సు మీద కొందరు కోర్టుకెక్కినా 1985లో సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే నిలిచింది. రద్దు తప్పని ఇప్పుడు వాదించేవాళ్లు ఎవరూ లేరు, ఉండక్కర్లేదు కూడా. కరణాన్ని నమ్మొద్దని శతక పద్యాల కాలం నుంచీ చెప్పుకుంటున్న జనమే మనం. ఎవరి పొలం ఎవరి ఖాతాలోకి జారిందో ఆ కలానికే తెలియాలి.

కాకపోతే ఆ పదవితోపాటు ఇంకొకటి పోయింది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కరణం ప్రతి ఫసలీలోనూ, అంటే ప్రతి రెవెన్యూ ఏడాదిలోనూ, పొలం మీదికి వెళ్లి అజమాయిషీ చేయాలి. ఏ నంబరులో ఏ పంట, ఎవరి సాగు అన్నది అడంగల్‌లో ఎక్కించాలి. ఏడాది చివర జమాబందీ. ఊరి లెక్కల పుస్తకాలన్నీ మూట కట్టుకుని పైఅధికారి ముందు కూర్చోవాలి. ఒక పుస్తకంలోని మొత్తం ఇంకో పుస్తకంలోని మొత్తంతో కలవకపోతే అక్కడే నిలదీసేవారు. శిస్తు ఆ లెక్కల మీద వసూలయ్యేది కాబట్టి సర్కారుకు ఆ నిక్కచ్చితనం అవసరం. శిస్తు ఆదాయం నామమాత్రమయ్యాక జమాబందీ సంతకాల తంతుగా మిగిలింది. రికార్డు సరిగా ఉంటే సర్కారుకు ఒరిగేదేమిటో, తప్పుగా ఉంటే పోయేదేమిటో చెప్పగలిగే లెక్క అక్కడితో తెగిపోయింది.

కరణాల ఇళ్లలోని దస్తరాలు కార్యాలయాలకు చేరిన తీరు కూడా అంతంతమాత్రమే. వచ్చిన పుస్తకాల్లో ఏది తాజాది, ఏది దిద్దినది అని చెప్పగల మనిషిని అప్పుడే ఇంటికి పంపేశారు. 1985లో మండలాలు వచ్చాయి. కరణం కుర్చీలో విలేజ్ అసిస్టెంటు, తర్వాత వీఏవో (గ్రామ పాలనాధికారి), 2002లో పంచాయతీ కార్యదర్శి, ఆ తర్వాత వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) కూర్చున్నారు. బోర్డు మారిన ప్రతిసారీ చార్జి అప్పగింత, అప్పగించిన ప్రతిసారీ రెండు పుస్తకాలు తక్కువ.

కంప్యూటర్లు వచ్చింది ఈ పునాది మీదే. అవి కూడా ఒక్కచోట రాలేదు. రిజిస్ట్రేషన్ శాఖ 1998లో కార్డ్ అనే తన సొంత వ్యవస్థ పెట్టుకుంది. రెవెన్యూ వాళ్లు వెబ్‌ల్యాండ్ తెచ్చుకున్నారు. సర్వే శాఖ ఎఫ్‌ఎంబీలు చాలాకాలం బీరువాల్లోనే ఉన్నాయి. ఒక్క ఇంటికి మూడు తాళాలు వేసి ముగ్గురికి తలో తాళంచెవి ఇచ్చినట్టయింది. దస్తావేజు ఒకరి దగ్గర, 1బి అనే హక్కుల రికార్డు మరొకరి దగ్గర, కొలత ఇంకొకరి దగ్గర. అమ్మకం రిజిస్టరు అయినంత మాత్రాన 1బిలో పేరు మారేది కాదు. పేరు మారినా పటంలో సబ్‌డివిజన్ పడేది కాదు.

2015లో మీభూమి వెబ్‌సైటు తెరవడం మంచి పనే. తన ఖాతాలో ఏముందో రైతు మొదటిసారి ఎవరి చేయీ తడపకుండా చూసుకోగలిగాడు. చూసుకున్నాకే తప్పులు బయటపడ్డాయి.

ఆ తప్పులు ఎలాంటివో దగ్గరగా చూడాలంటే ఇక్కడి పేర్లే చాలు. విజయనగరం వైపు ఒక ఊళ్లో అప్పలనాయుడు అన్న పేరుతో పదిమంది ఉంటారు, అందులో నలుగురికి ఇంటిపేరూ ఒకటే. పైడితల్లమ్మ మీద భక్తితో పైడిరాజులు, పైడితల్లులు సరేసరి. సింహాచలం ఆడవాళ్ల పేరూ అవుతుంది, మగవాళ్ల పేరూ అవుతుంది. ఊళ్లో తిరిగిన కరణానికి చెరువు కింది సింహాచలం ఎవరో, మెట్టు మీది సింహాచలం ఎవరో తెలుసు. పుస్తకం చూసి టైపు కొట్టిన ఆపరేటరుకు ఎలా తెలుస్తుంది? భర్త పేరు తండ్రి గడిలోకి వెళ్తుంది. ఒకరి ఖాతాకు ఇంకొకరి ఆధార్ అంటుకుంటుంది. ఆ తర్వాత ఆ ఇద్దరూ వేర్వేరు మనుషులని నిరూపించుకోవాల్సిన భారం వాళ్లమీదే పడుతుంది.

ఇలా ఉన్న డేటా మీదికి డ్రోన్లు, రోవర్లు (ఉపగ్రహ సంకేతాలతో కొలిచే పరికరాలు) వచ్చాయి. రెవెన్యూ పెద్దలు చెప్పేది క్లుప్తంగా ఇదీ: కొలతలో తప్పు లేదు, పాత రికార్డే తప్పు. నోటీసులిచ్చాం, గ్రామసభ పెట్టాం, అభ్యంతరాలకు గడువిచ్చాం. ఇందులో అబద్ధమేమీ లేదు.

క్షేత్రంలో తిరిగిన సర్వేయర్లు, వీఆర్వోలు చెప్పేదానికి ఇంకాస్త చోటివ్వాలి. పాత సర్వే గొలుసుతో జరిగింది. గొలుసంటే 66 అడుగులు, వంద లింకులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. గొలుసు కాస్త వదులుగా పట్టినా, మెరక మీద లాగినా సెంట్లు అటూఇటూ అయ్యేవి. అయినా ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే గట్టు కళ్లముందే ఉంది. రోవరు ఆ గట్టునే సెంటీమీటర్ల లెక్కన పట్టుకుంటుంది. కాగితం మీద ఎకరా ఇరవై సెంట్లున్న పొలం గట్టు నుంచి గట్టుకు ఎకరా పద్నాలుగే తేలొచ్చు. రైతు చెప్పేదీ నిజమే, యంత్రం చెప్పేదీ నిజమే. ఆ ఆరు సెంట్లు ఎప్పుడూ లేవా, పక్కవాడు కలుపుకున్నాడా, కాలవలో పోయాయా అన్నది ఎవరో ఒకరు కూర్చుని విచారించి రాయాలి. రోజుకిన్ని ఎకరాలు పూర్తికావాలని లక్ష్యం పెట్టుకున్నచోట ఆ విచారణకు తీరిక ఎక్కడిది?

ఇక జాయింట్ ఎల్‌పీఎంలు. తాత పేరున ఉన్న భూమిని కొడుకులు నోటిమాటతోనో తెల్లకాగితం మీదో పంచుకోవడం ఇక్కడి ఆనవాయితీ. రికార్డులో పంపకం లేదు, పొలంలో గట్టు ఉంది. విడదీయడానికి అందరి సంతకాలూ కావాలి. శ్రీకాకుళం జిల్లాలో ఆ అందరూ ఎక్కడున్నారు? ఒకడు చెన్నైలో, ఒకడు హైదరాబాదులో భవన నిర్మాణంలో, ఇంకొకడు ముంబయిలో. హద్దు తేల్చామని సర్వే చట్టం కింద ఇచ్చే తొమ్మిది(2) నోటీసు తలుపుకు అంటించేసరికి ఇంట్లో ముసలామె ఒక్కతే ఉంటుంది. అందరినీ ఒకే నంబరు కిందికి చేర్చి ముందుకెళ్లిపోయారు. ఈ తప్పు గ్రామ సర్వేయరుదని ఇప్పుడు మెమోలిస్తున్నారు గానీ, 2019లో గ్రామ సచివాలయంలో చేరిన కుర్రాడికి 1984 నాటి పుస్తకం ఎవరు అప్పగించారని?

ఇదే రోగానికి పెద్ద బ్యాంకులు వెతుక్కున్న మందు గురించి ఒక మాట. 2008 సంక్షోభంలో ఏ సంస్థ దగ్గర తమ డబ్బెంత ఇరుక్కుందో పెద్ద బ్యాంకులే వెంటనే లెక్క చెప్పలేకపోయాయి. డేటా శాఖకొక చోట పడి ఉండటమే దానికి కారణం. 2013 జనవరిలో బ్యాంకులకు అంతర్జాతీయ ప్రమాణాలు పెట్టే బాసెల్ కమిటీ 14 సూత్రాలు ప్రకటించింది. వాటి సారం ఏమిటంటే డేటా నాణ్యత కంప్యూటర్ విభాగం నెత్తిన రుద్దే పని కాదు, దానికి యాజమాన్యమే పూచీ పడాలి. తప్పు ఎక్కడ పుట్టిందో అక్కడే దిద్దాలి. మన దగ్గర పంట రుణమిచ్చే బ్యాంకు వెబ్‌ల్యాండ్‌లోకి వెళ్లి ఖాతా మీద అప్పు నమోదు చేస్తుంది. ఆ ఖాతా సరైనదని పూచీ పడేది మాత్రం ఎవరు? తహసీల్దారు డిజిటల్ సంతకం ఉంటుంది నిజమే. ఆ సంతకానికి వాడే డాంగిల్ పగలంతా ఎవరి టేబుల్ మీద ఉంటుందో కార్యాలయానికి వెళ్లినవాళ్లందరికీ తెలుసు.

భూ హక్కుల చట్టం మీద జరిగిన యుద్ధాన్ని కూడా ఈ వెలుగులోనే చూడాలి. 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చిన ఆ చట్టం రికార్డులో ఉన్నదే చివరికి ఖాయమయ్యేలా చేయాలనుకుంది. రికార్డును ముందు కడిగి తర్వాత ఖాయం చేయాల్సింది తలకిందులైంది. సివిల్ కోర్టుల దారి మూసుకుపోతుందని న్యాయవాదులు విధులు బహిష్కరించారు, ఎన్నికల్లో అదే పెద్ద నినాదమైంది. 2024 జూన్ 13న కొత్త ముఖ్యమంత్రి తొలిరోజు సంతకాల్లో ఒకటి దాని రద్దు మీదే. పుస్తకం మీద మాజీ ముఖ్యమంత్రి ఫొటో పోయి రాజముద్ర వస్తుందన్నారు. అట్ట మారింది, లోపలి పేజీలోకి వచ్చే డేటా మాత్రం ఆరు వేలకు పైగా గ్రామాల రీసర్వేలో ఎక్కినదే. రెండు పార్టీలూ అట్ట గురించి మాట్లాడినంత గట్టిగా ఆ పేజీ గురించి మాట్లాడలేదు.

ఇప్పటి తగువులో రైతుకు అత్యవసరంగా తెలియాల్సింది ఒకటుంది. ఏ నాయకుడి ప్రసంగంలోనూ అది వినిపించదు. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం సెక్షన్ 13 కింద తుది నోటిఫికేషన్ వచ్చాక, హద్దు తప్పుగా తేల్చారనుకుంటే సెక్షన్ 14 కింద సివిల్ కోర్టులో దావా వేసుకోవచ్చు. గడువు మూడేళ్లు. అది నోటిఫికేషన్ తేదీ నుంచే లెక్క, కొత్త పాసు పుస్తకం చేతికొచ్చిన రోజు నుంచి కాదు. తమ ఊరి నోటిఫికేషన్ తేదీ ఎంతో సచివాలయంలోనో తహసీల్దారు కార్యాలయంలోనో ఈ వారమే అడిగి రాసుకోవాలి.