అప్‌డేట్ తర్వాత లినక్స్ కనబడటం లేదా? డ్యూయల్ బూట్ అపోహలు, వాస్తవాలు

అపోహ: విండోస్ అప్‌డేట్ గ్రబ్‌ని (విండోస్, లినక్స్ రెండూ ఉన్న కంప్యూటర్‌లో ఏది తెరవాలో అడిగే బూట్ ప్రోగ్రామ్) చెరిపేసింది.

వాస్తవం: యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) కంప్యూటర్లలో ఇది అరుదు. డిస్కులో బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్‌లో గ్రబ్ ఫోల్డర్ వేరు, విండోస్ ఫోల్డర్ వేరు. ఏది ముందు బూట్ కావాలన్న వరుస మాత్రం మదర్‌బోర్డు మెమరీలో ఉంటుంది. పెద్ద అప్‌డేట్లు ఒక్కోసారి ఆ వరుసలో విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తెచ్చేస్తాయి, అంతే. ఆన్ చేయగానే బూట్ మెనూ కీ నొక్కండి (ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ లాంటివి). అక్కడ ఉబుంటు పేరు కనబడి, అది బూటైతే బయోస్ సెటప్‌లో దాన్ని మొదటికి జరిపి సేవ్ చేయండి. పని అయిపోయింది.

అపోహ: ఏం జరిగినా లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) గ్రబ్ మళ్లీ వేసేయడమే.

వాస్తవం: బూట్ మెనూలో ఉబుంటు పేరే లేనప్పుడు వేయండి. ముందు లైవ్ సిస్టమ్‌లో సిస్ ఫోల్డర్ కింద ఫర్మ్‌వేర్, దాని కింద ఈఎఫ్ఐ ఫోల్డర్ (/sys/firmware/efi) ఉందో లేదో చూడండి. లేదంటే పెన్‌డ్రైవ్ పాత బయోస్ పద్ధతిలో బూటైంది. ఎంత చేసినా వృథా. ఉబుంటు, డెబియన్‌లలో లినక్స్ ఉన్న రూట్ పార్టిషన్‌ని మౌంట్ చేసి (ఒక ఫోల్డర్‌కి తగిలించి), దాని బూట్ ఈఎఫ్ఐ ఫోల్డర్ మీద ఈఎఫ్ఐ పార్టిషన్‌ని మౌంట్ చేయాలి. డెవ్, ప్రాక్, సిస్ అనే సిస్టమ్ ఫోల్డర్లతో పాటు ఈఎఫ్ఐవార్స్‌నీ బైండ్ చేసి (అందులోనూ కనబడేలా కలిపి), క్రూట్‌లోకి (డిస్కులోని లినక్స్ లోపలికి) వెళ్లి గ్రబ్ ఇన్‌స్టాల్, అప్‌డేట్ గ్రబ్ నడపాలి. ‘ఈఎఫ్ఐ డైరెక్టరీ దొరకలేదు’ అని వచ్చిందంటే రెండో మౌంట్ మరిచిపోయారన్నమాట. ఎక్కువమంది జారిపడేది ఇక్కడే.

అపోహ: గ్రబ్ మెనూలో విండోస్ లేదంటే విండోస్ పోయినట్టే.

వాస్తవం: గ్రబ్ 2.06 నుంచి వేరే సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్ మామూలుగా ఆపేసి ఉంటుంది. గ్రబ్ డిఫాల్ట్ ఫైల్‌లో ‘డిజేబుల్ ఓఎస్ ప్రోబర్’ విలువను ‘ఫాల్స్’ చేసి అప్‌డేట్ గ్రబ్ నడపండి.

అపోహ: లినక్స్ బూట్ కాకపోతే సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్ ప్రోగ్రామ్‌లనే అనుమతించే రక్షణ) ఆపేస్తే సరి.

వాస్తవం: ఆపడం మధ్యలో ఒక మెట్టు మాత్రమే. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత చాలామందికి ‘ఎస్‌బ్యాట్ సెల్ఫ్ చెక్ ఫెయిల్డ్’ అని వచ్చి లినక్స్ ఆగిపోయింది. పాత షిమ్‌లను (సెక్యూర్ బూట్‌లో గ్రబ్‌ని తెరిచే చిన్న ప్రోగ్రామ్) నిరాకరించే ఎస్‌బ్యాట్ జాబితా కొత్తది కావడమే కారణం. సెక్యూర్ బూట్ ఆపి, లినక్స్‌లో మోక్‌యుటిల్ కమాండ్‌తో ఎస్‌బ్యాట్ పాలసీని డిలీట్ చేసి, షిమ్, గ్రబ్ ప్యాకేజీలు అప్‌డేట్ చేయండి. ఒకసారి మళ్లీ లినక్స్‌లోకే బూట్ చేశాక సెక్యూర్ బూట్ తిరిగి పెట్టండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే మాత్రం ముందే 48 అంకెల రికవరీ కీ దగ్గర పెట్టుకోండి. సెక్యూర్ బూట్ మార్చగానే విండోస్ దాన్ని అడిగే అవకాశం ఎక్కువ.

అపోహ: విండోస్ రిపేర్ కమాండ్ బూట్‌రెక్ ఫిక్స్ ఎంబీఆర్ సర్వరోగ నివారిణి.

వాస్తవం: అది పాత బయోస్ పద్ధతిలో వాడే ఎంబీఆర్ డిస్కుల కాలం మందు. యూఈఎఫ్ఐలో విండోస్ బూట్ ఫైళ్లు పాడైతే వాడాల్సింది బీసీడీబూట్ కమాండ్.