చప్పబడింది నోరా, ముక్కా?

"ఏం తిన్నా రుచీపచీ ఉండడం లేదు" అని ఇంట్లో పెద్దాయన పదేపదే అంటుంటే మనం వంట వైపు చూస్తాం, లేదంటే వయసు మీదపడిందిలే అని సరిపెట్టుకుంటాం. అడగకుండానే మళ్ళీ ఉప్పు కలుపుకుంటే విసుక్కుంటాం కూడా. కొందరి విషయంలో మాత్రం ఆ మాటను చెవిన పెట్టాలి. చెయ్యి వణకడానికి ఏళ్ళ ముందే పార్కిన్సన్స్ జబ్బు ఇలా బయటపడవచ్చు.

ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క కాఫీ తాగి చూడండి. వేడి తెలుస్తుంది, చేదు తెలుస్తుంది, అంతే. మింగాక ముక్కు వదిలి గాలి బయటికి వదలండి. అప్పుడు అది కాఫీ అవుతుంది! నాలుక సొంతంగా పట్టగలిగేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (పుట్టగొడుగులు, మాంసం లాంటివాటిలోని కమ్మదనం) మాత్రమే. మనం రుచి అనుకునే మిగతాదంతా నములుతున్నప్పుడు గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కే వాసన. అందుకే వాసన పట్టే శక్తి పోయిన మనిషి డాక్టరుకు ముక్కు సంగతి చెప్పడు, నోరు చప్పబడిందనే చెబుతాడు. తనకు వాసన తగ్గిందని పరీక్ష చేసేదాకా తెలియనివాళ్ళే ఎక్కువ.

ఈ జబ్బును 1817లో వర్ణించిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వణుకునూ, ముందుకు వంగిన నడకనూ ఎంతో నిశితంగా గమనించాడు. కానీ ఇంద్రియాలు చెడవని రాశాడు. అక్కడ ఆయన పొరబడ్డాడు. రోగుల ముక్కును పట్టించుకుని పరీక్షించడం మొదలవడానికి ఒకటిన్నర శతాబ్దానికి పైగా పట్టింది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలో అత్యధికులకు వాసన తగ్గుతుందని ఇప్పుడు తెలుసు. నాలుక రుచి కూడా కొందరిలో మందగిస్తుంది గానీ, ముక్కుతో పోలిస్తే తక్కువమందిలోనే.

ముక్కే ముందెందుకు? ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ మెలిక తప్పి నాడీకణాల్లో ఉండలు కట్టడం ఈ జబ్బు లక్షణం. చనిపోయినవారి మెదళ్ళను పరిశీలించిన జర్మన్ శాస్త్రవేత్త హైకో బ్రాక్, ఆయన బృందం 2003లో ఒక క్రమాన్ని ప్రతిపాదించారు. ఆ ఉండలు మొదట కనిపించేది వాసనను అందుకునే మెదడు భాగంలోనూ, పేగులకు సంబంధించిన వేగస్ నరం మొదలయ్యే చోటా. కదలికలను నడిపే డోపమిన్ కణాల దాకా అవి తర్వాతే చేరతాయి. అందరిలోనూ ఇదే వరస కాదు. అయినా వాసన తగ్గడం, మలబద్ధకం వణుకు కంటే ముందే ఎందుకొస్తాయో దీంతో అర్థమవుతుంది. చెయ్యి వణికే నాటికి ఆ డోపమిన్ కణాల్లో సగమో, అంతకంటే ఎక్కువో పోయి ఉంటాయి. ఇన్నేళ్ళూ ముక్కు చెబుతూనే ఉంది, వినేవాళ్ళే లేరు. నాకు బాధ కలిగించేది ఇదే.

అలాగని టెన్షన్ పడొద్దు. జలుబు, సైనస్, కోవిడ్, తలకు దెబ్బ, కొన్ని మందులు, వయసు, వీటిలో ఏదైనా వాసనను తగ్గించగలదు. వాసన తగ్గినవాళ్ళలో ఎక్కువమందికి పార్కిన్సన్స్ ఉండదు. కానీ ఏ జలుబూ లేకుండా నెలల తరబడి అలాగే ఉండి, దానికి తోడు మలబద్ధకం, నిద్రలో కలలకు తగ్గట్టు చేతులూ కాళ్ళూ విసరడం, చేతిరాత చిన్నదైపోవడం కనిపిస్తే న్యూరాలజిస్టును కలవాల్సిందే. వెన్నెముక ద్రవంలో ఆ ప్రోటీన్ ఉండలను పట్టే పరీక్ష పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలో దాదాపు 88 శాతం మందిని గుర్తించిందని 2023లో ఒక పెద్ద అధ్యయనం చూపింది. వాసన కూడా తగ్గినవాళ్ళను అది ఇంకా బాగా పట్టుకుంది.

జబ్బును ఆపే మందు ఇంకా లేదు. బిగుసుకున్న కండరాలను సడలించే లెవోడోపా కూడా పోయిన వాసనను తిరిగి తేలేదు. కాబట్టి వాసన పోయిన మనిషి ఉన్న ఇంట్లో గ్యాస్ లీకైనా, పాలు విరిగినా, పొయ్యి మీద గిన్నె మాడినా ముందు పసిగట్టాల్సింది పక్కనున్నవాళ్ళే.