తర్వాతి మాట ముందే తెలిసిన పాట

'మరోచరిత్ర' సినిమా 1978లో వచ్చింది. కె. బాలచందర్ దాన్ని మన విశాఖ, భీమిలి తీరాల్లో తీశారు. అందులో 'ఏ తీగ పువ్వునో' పాట ఆత్రేయ రాశారు, ఎం.ఎస్. విశ్వనాథన్ బాణీ కట్టారు, పి. సుశీల పాడారు. కథలో అమ్మాయిది తెలుగు, అబ్బాయిది తమిళం. ఆమె పాడుతుంటే అతనికి అర్థంకాక మధ్యలో తమిళంలో అడుగుతుంటాడు. ఆ గొంతు కమల్‌హాసన్‌ది. నన్నడిగితే ఆ పాట ప్రాణమంతా ఆ అడగడంలోనే ఉంది.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గర ఎవరి ఫోన్‌లోనైనా ఈ పాట వస్తే, చుట్టూ ఉన్నవాళ్లను గమనించండి. పల్లవి పూర్తవుతుండగానే కొందరి పెదాలు కదులుతాయి. అతను అడగబోయే మాట వాళ్ల నోట్లోంచి అరక్షణం ముందే వచ్చేస్తుంది. ఏం వస్తుందో ముందే తెలిసినప్పుడు ఆ సంతోషం తగ్గాలి కదా, మరి ఎందుకు పెరుగుతోంది?

కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వాలరీ సలింపూర్, రాబర్ట్ జటోర్ బృందం 2011లో దీనికి చక్కటి జవాబు ప్రచురించింది. వింటే ఒళ్లు పులకరించే సంగీతాన్ని ఎవరికి వాళ్లనే తెచ్చుకోమని, అది వింటుండగా వాళ్ల మెదళ్లను స్కాన్ చేశారు. ఆనందంతో ముడిపడ్డ డోపమైన్ అనే రసాయనం మెదడు లోపల రెండు చోట్ల, రెండు వేర్వేరు సమయాల్లో విడుదలైంది. ఆ పులకరింత కలిగే క్షణంలో న్యూక్లియస్ అక్యుంబెన్స్‌లో, దానికి కాస్త ముందు, ఎదురుచూపులో ఉండగా, కాడేట్‌లో. అంటే వచ్చేది తెలిసి దానికోసం ఆగడం కూడా మెదడుకి ఆనందమే. బాగా తెలిసిన పాటలో అలా ఎదురుచూసే చోట్లు ఎన్నో ఉంటాయి.

అయితే అన్ని పాత పాటలూ ఇలా గుండెని పట్టుకోవు. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవి మనకు మిగతా వయసు కంటే ఎక్కువగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తిపై పరిశోధనలు చెబుతాయి. తొలి ప్రేమ, తొలి ఉద్యోగం, ఇల్లు వదిలి వెళ్లడం, చాలావరకు అప్పుడే. కాలిఫోర్నియాలో పీటర్ జనాటా 2009లో విద్యార్థులకు వాళ్ల చిన్నప్పటి, టీనేజీ నాటి పాటలు వినిపించారు. సొంత జ్ఞాపకాలతో ముడిపడ్డ పాట వచ్చినప్పుడు నుదురు వెనకాల ఉండే మెదడు భాగం చురుగ్గా పనిచేసింది. 'నేను' అన్న ఊహకి సంబంధించిన భాగం కూడా అదే.

మరి 2000 తర్వాత పుట్టిన పిల్లలకి ఈ పాటంటే ఎందుకంత ఇష్టం? దీని మీద 2013లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి కరోల్ క్రుమ్‌హాన్సల్ చేసిన అధ్యయనం వచ్చింది. ఇరవై ఏళ్ల వాళ్లలో తమ కాలం పాటలతో పాటు, అమ్మానాన్నల యవ్వనం నాటి పాటలకి కూడా జ్ఞాపకాలు, ఇష్టం గట్టిగా కనిపించాయి. వంటింట్లో రేడియో పెట్టుకుని అమ్మ కూనిరాగం తీస్తుంటే పిల్లల చెవిన పడకుండా ఎలా ఉంటుంది!

1978లో పదిహేడేళ్లున్నవాళ్లు ఇప్పుడు అరవై దాటారు. అల్జీమర్స్‌లో కూడా, ఎప్పటినుంచో తెలిసిన సంగీతాన్ని గుర్తుంచుకునే మెదడు భాగాలు మిగతావాటితో పోలిస్తే తక్కువగా దెబ్బతింటాయని 2015లో జర్మనీ పరిశోధకులు చూపించారు. పాట జబ్బుని నయం చేయదు. కానీ మతిమరుపు మొదలైన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే, వాళ్ల కాలేజీ రోజుల్లో ఏ పాటలు మోగేవో కనుక్కుని వినిపించండి. పక్కనే కూర్చోండి, వాళ్లు గొంతు కలిపితే మీరూ కలపండి.